మంచు తుఫానులో కారు ఆగిపోతే?

ప్రశ్న: మంచు కురవడం ఆగాక కూడా రోడ్లు ఎందుకు మూసి ఉంచుతారు? దారిలో కారు ఇరుక్కుపోతే దిగి నడిచి వెళ్లొచ్చా?

జవాబు: దయచేసి నడవకండి. ఇక్కడ అసలు ప్రమాదం మంచు కన్నా గాలితోనే. అమెరికా వాతావరణ శాఖ లెక్కలో గంటకు సుమారు 56 కిలోమీటర్లు, ఆపై వేగంతో గాలి వీస్తూ, 400 మీటర్ల అవతల ఏమీ కనిపించని స్థితి 3 గంటలైనా ఉంటేనే అది బ్లిజార్డ్. ఆకాశం తేటపడినా నేల మీది పొడి మంచును గాలి లేపుతూనే ఉంటుంది, అందుకే యంత్రంతో మంచు తోసేసిన రోడ్డు కాసేపటికే మళ్లీ పూడుకుపోతుంది, పైగా మైనస్ 10 డిగ్రీల దరిదాపుల్లో మంచు కరగడానికి మామూలు ఉప్పు చల్లినా పెద్దగా పని చేయదు.

కారు ఆగిందా, లోపలే ఉండండి. ముందు సైలెన్సర్ గొట్టం చివర పేరుకున్న మంచును చేత్తోనైనా తీసేయండి, అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. గంటకు 10 నిమిషాలు ఇంజన్ వేసి, గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించండి. 2022 డిసెంబరు మంచు తుఫానులో అమెరికాలోని బఫలో నగరంలో సాయానికి వెళ్లిన బళ్లే ఇరుక్కుపోయాయి. హెచ్చరిక ఉంటే అసలు బయల్దేరకండి.