పదిహేనేళ్ళ ప్రాక్టీసు తర్వాత మళ్ళీ చదువుకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. ఆర్థోడాంటిక్స్‌లో (వంకర పళ్ళను సరిచేసే దంతవైద్యం) ఎండీఎస్ చేసి పదిహేనేళ్ళుగా రాజమహేంద్రవరంలో ప్రాక్టీసు చేస్తున్నాను. నెలకు ఒకరిద్దరు గ్రహణం మొర్రి పసిపిల్లలు వస్తారు, ఎక్కువగా రంపచోడవరం వైపు నుంచి. ఆపరేషన్‌కు ముందు అంగిట్లో వేసే ప్లేటు పని నాకు సరిగా రాదు. హైదరాబాద్ పంపిస్తే చాలామంది వెళ్ళరు. విదేశంలో శిక్షణ తీసుకోవాలని ఉంది. లండన్‌లో మూడేళ్ళ కోర్సా, ఎక్కడైనా ఏడాది ఫెలోషిప్పా? ‘ఈ వయసులో మళ్ళీ చదువేంటి’ అంటున్నారు నాన్నగారు. పాప పదో తరగతి.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: డాక్టర్ గారూ, మీ ఉత్తరంలో రంపచోడవరం అన్న మాట దగ్గర ఆగిపోయాను. గ్రహణం రోజు బయటికి వచ్చావనీ, కత్తిపీట ముట్టుకున్నావనీ అత్తింట్లో మాటలు పడి, బిడ్డ ముఖాన కొంగు కప్పుకుని వచ్చే తల్లులను నేనూ చూశాను. నీ తప్పేమీ లేదమ్మా అని వాళ్ళకు చెప్పడంతోనే మన వైద్యం మొదలవుతుంది.

ఆ బిడ్డకు మొదటి వారాలు చాలా విలువైనవి. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజన్ వల్ల ముక్కులోని మెత్తటి ఎముక అప్పుడు చెప్పినట్టు వంగుతుంది. ప్లేటు పెట్టి, పెదవికి టేపు వేసి, వారం వారం ప్లేటును కాస్త కాస్త అరగదీస్తూ చీలికను దగ్గరకు తెస్తాం. చిగుళ్ళ మధ్య ఎడం 5 మిల్లీమీటర్లకు తగ్గాక ముక్కును ఎత్తిపట్టే చిన్న కొస చేరుస్తాం. న్యూయార్క్ యూనివర్సిటీలో బారీ గ్రేసన్, కోర్ట్ కటింగ్ 1990లలో తీర్చిదిద్దిన పద్ధతి ఇది. ఇదంతా మీరు చదివే ఉంటారు. కానీ మూడు కిలోల బిడ్డ నోటికి అచ్చు తీయడం చదివితే వచ్చేది కాదు. బిడ్డ ఏడుస్తుంటే మనకు ధైర్యం, ఊపిరి ఆడుతోందని. ఏడుపు ఆగితే చెయ్యి వెంటనే బయటికి రావాలి. పక్కన తెలిసినవాళ్ళు నిలబడి నేర్పితే తప్ప ఆ పని అబ్బదు.

నేను 2011లో, 41వ ఏట, తైవాన్‌లోని చాంగ్ గుంగ్ ఆస్పత్రికి ఏడాది వెళ్ళాను. అమెరికా సర్జన్ శామ్యూల్ నూర్డాఫ్ అక్కడ మొదలుపెట్టిన విభాగంలో సర్జన్, ఆర్థోడాంటిస్ట్, స్పీచ్ థెరపిస్ట్ కలిసే పిల్లల్ని చూస్తారు. ఆ అలవాటు నాకు ప్లేటు కంటే ఎక్కువ ఉపయోగపడింది.

అందుకే లండన్ కోర్సు మీకు వద్దంటాను. అక్కడే స్థిరపడాలంటే వేరే సంగతి. ఇక్కడికే తిరిగి వచ్చేవాళ్ళు తెలిసిన క్లిప్పుల పనినే మూడేళ్ళు మళ్ళీ చేయడమెందుకు? మొర్రి, ముఖ ఎముకల లోపాలున్న పిల్లల వైద్యానికే ప్రత్యేకమైన ఏడాది ఫెలోషిప్‌లు అమెరికాలోనూ ఉన్నాయి. అది పూర్తిచేసినంత మాత్రాన అక్కడ ప్రాక్టీసుకు లైసెన్స్ రాదు, మీకది అక్కర్లేదు కూడా. ఎక్కడికి రాసినా ముందు ఒకటే అడగండి: పేషెంట్‌ను నా చేత్తో చూడనిస్తారా, పక్కన నిలబడి చూడటమేనా? చూడటమే అయితే ఏడాది వృథా చేసుకోకండి.

మీరు అడగని విషయం ఒకటుంది. మీ దగ్గర ఇప్పుడు క్లిప్పులతో ఉన్నవాళ్ళు ఎంతమంది?

నేను వెళ్ళేటప్పుడు అరవై మందికి పైగా ఉన్నారు. ఒక జూనియర్‌కు తాళాలిచ్చి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఒక ఇంటర్ అమ్మాయి పళ్ళపై క్లిప్పుల చుట్టూ తెల్లటి మచ్చలు. నాలుగు నెలలు ఎవరూ పిలవలేదట. ఎత్తు పళ్ళు వెనక్కి తేవడానికి రెండు పళ్ళు తీయించాను, ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి. వాళ్ళమ్మ కోప్పడలేదు. “మీరున్నారని కదమ్మా మీ దగ్గరికి వచ్చింది” అంది. తప్పు ఆ జూనియర్‌ది కాదు, నాదే. ఆ అమ్మాయికి ఖాళీలు మూయగలిగాను. మచ్చలు పూర్తిగా పోలేదు.

ఒక్కో కేసుకు ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది కదా. కాబట్టి ఈ నెల నుంచే కొత్త క్లిప్పులు ఆపేయండి. ఏడాదిన్నర తర్వాత మొదలయ్యే సీటుకు దరఖాస్తు పెట్టండి, ఈలోగా చాలామంది క్లిప్పులు తీసేసి, పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ల దశకు వచ్చేస్తారు. మిగిలినవాళ్ళను మరో ఆర్థోడాంటిస్ట్‌కు మీరే స్వయంగా అప్పగించండి. ఎక్స్‌రేలు, అచ్చులు, ఏ పన్ను ఎంత కదలాలో రాసిన ప్లాన్ అన్నీ ఇవ్వండి. మీరు ముందే తీసుకున్న ఫీజులో మిగిలిన నెలల వాటా కూడా ఆయనకు ఇచ్చేయండి. పేషెంట్ రెండోసారి కట్టకూడదు.

పాప సంగతికి ఈ లెక్కే సరిపోతుంది, మీరు వెళ్ళేనాటికి పదో తరగతి టెన్షన్ ఉండదు. కానీ ఇంటర్ మధ్యలో ఉంటుంది. ఇంట్లో ఆమెకు ఎవరు తోడుంటారో ముందే మాట్లాడుకోండి. నాన్నగారితో వయసు గురించి వాదన పెట్టుకోకండి. ఈసారి అలాంటి బిడ్డ వచ్చిన రోజు ఆయన్ను క్లినిక్‌కు తీసుకెళ్ళి, ఆ తల్లి పక్కన కాసేపు కూర్చోబెట్టండి.