పాత హోండా సిటీ పెట్రోల్‌కి వైజాగ్‌లో ఎంత మైలేజ్ రావాలి?

2011 మోడల్ హోండా సిటీ పెట్రోల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, వైజాగ్‌లో లీటరుకు 9 దాటడం లేదు, ఇంజిన్ పని అయిపోయిందా అని అడిగారు. అప్పుడే టెన్షన్ పడకండి. నాది 2010 మోడల్, అదే 1.5 లీటర్ల ఐ-వీటెక్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. 1,30,000 కిలోమీటర్లు దాటింది. ఏసీ వేసుకుని సిటీలో 11 నుంచి 12, హైవే మీద 15, 16 ఇస్తోంది. మీ 9 తక్కువే, కానీ నేనూ అక్కడి దాకా వెళ్లి వచ్చినవాణ్నే.

ముందు కొలత సంగతి. 500 రూపాయలకు పోయించి, ముల్లు చూసి వేసే లెక్క లెక్క కాదు. ఫుల్ ట్యాంక్ చేయించండి. నాజిల్ టక్కుమని ఆగాక ఇంకొంచెం పట్టించవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేసి, మూడొందలు, నాలుగొందలు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించి భాగించండి. నాకు మొన్న 412 కిలోమీటర్లకు 36.5 లీటర్లు పట్టింది, అంటే 11.3. మా బావమరిది తన బండి 18 ఇస్తుందంటాడు, ఇంతవరకు కొలిచిన పాపాన పోలేదు.

నేను రోజూ తిరిగేది సీతమ్మధార నుంచి గాజువాకకి. తాటిచెట్లపాలెం, కంచరపాలెం సిగ్నళ్లు, షీలానగర్ దగ్గర పోర్టు లారీలు. సాయంత్రం సగం దూరం ఒకటి, రెండు గేర్లలోనే గడిచిపోతుంది. దానికి తోడు మన ఊళ్లో ఎత్తుపల్లాలు. అదే బండి రాజమండ్రి వెళ్లి వస్తే 395 కిలోమీటర్లకు సరిగ్గా 25 లీటర్లు తాగింది. 80, 90 మధ్య నడిపాను లెండి. 110 తొక్కితే ఆ లెక్క రాదు.

పెట్రోల్ కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. కాబట్టి ఒకప్పటి 12లో అరో ముప్పావో పోతుంది. అంతేగానీ దానివల్ల 12 కాస్తా 9 అయిపోదు.

రెండేళ్ల క్రితం నాకూ 318 కిలోమీటర్లకు 35 లీటర్లు పట్టింది, 9.1. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, 6,500 బిల్లు వేశారు. మైలేజ్ మాత్రం అక్కడే ఉంది. అసలు విషయం మా ఇంటి ముందే తెలిసింది. మా వీధి వాలుగా ఉంటుంది. న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు వదిలితే దానంతటదే జారిపోయే బండి, ఆ రోజు కదలకుండా నిలబడింది. దిగి ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. కుడివైపు గోరువెచ్చగా ఉంది. ఎడమవైపు చెయ్యి ఆన్చలేకపోయాను. సీసాలో నీళ్లు నాలుగు చుక్కలు చల్లితే చుయ్ మన్నాయి.

మా వీధి చివరి మెకానిక్ జాకీ ఎత్తి ఆ చక్రాన్ని చేత్తో తిప్పబోతే తిరగలేదు. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ ఉంటుంది కదా, దాని పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంది. సముద్రపు గాలి తగిలే బండ్లకి ఇది మామూలేనన్నాడు. పిన్నులు రుద్ది, గ్రీజు పెట్టి, రబ్బర్లు మార్చి 900 తీసుకున్నాడు. తర్వాతి ట్యాంకుకి 11.4.

కాబట్టి ఇంజిన్ విప్పించకముందే టైర్లలో గాలి చూడండి, డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్నంత కొట్టించండి. ఎయిర్ ఫిల్టర్ నల్లబడితే మార్చేయండి. మైలేజ్ పెంచుతామని అమ్మే సీసాల మందులు ఒకసారి వాడి చూశాను, డబ్బు దండగ.

ఇవాళ ఇంటికి వెళ్లగానే, చల్లారకముందే నాలుగు చక్రాలూ చూడండి. చెయ్యి ఆన్చకుండా దగ్గరగా పెడితే చాలు, వేడి తెలిసిపోతుంది. ఒక్కటే కాలిపోతోందా, అన్నీ ఒకేలా ఉన్నాయా చెప్పండి. ఒకేలా ఉంటే వేరే చోట వెతకాలి.