ఆఫర్ లెటర్ లేకుండా హైదరాబాద్ బండి ఎక్కించకండి

ప్రశ్న: మూడు తరాలుగా మాది ఒడిశాలోని రాయగడే. మా వారికి కిరాణా షాపు ఉంది. అబ్బాయికి 23 ఏళ్లు, 62 శాతంతో బీకాం అయింది. ఊళ్లోనే ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర ఏదో అకౌంట్ల పని చేస్తున్నాడు, నెలకు 14 వేలు ఇస్తారు. ఒడియా మాట్లాడతాడు గానీ రాయడం రాదు, అందుకే గవర్నమెంటు ఉద్యోగాల జోలికి పోలేదు. మా తోటికోడలి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మావాణ్ని కూడా అమీర్‌పేటలో డేటా ఎనలిటిక్స్ కోర్సులో చేర్పించమంటున్నారు. ఫీజు 60 వేలు, మూడు నెలల్లో ఉద్యోగం వచ్చేస్తుందట. నా గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. అక్కడి ఖర్చులు తలుచుకుంటే భయం, ఇక్కడే ఉంటే వెనకబడిపోతాడని ఇంకో భయం. సంబంధాలవాళ్లు కూడా అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడా అని అడుగుతున్నారు. రెండు ఊళ్లూ పోల్చి, పంపాలో వద్దో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందుగా ఆ టెన్షన్ దించుకోండి. 23 ఏళ్ల వయసులో, సొంతింట్లో తింటూ, పని నేర్చుకుంటూ, నెలకు 14 వేలు తెస్తున్న కుర్రాడు వెనకబడినవాడు కాదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, ఈ వైపు నుంచి నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. ఒకరు హైదరాబాద్ అంటారు, ఇంకొకరు బెంగళూరు అంటారు. లోపలి దిగులు మాత్రం ఒకటే: అందరి పిల్లలూ వెళ్లిపోయారు, మావాడొక్కడే మిగిలిపోయాడు. మీ అబ్బాయి వయసుకు ఇంకో రెండేళ్లు ఆగి వెళ్లినా పోయేదేమీ లేదు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, అకౌంట్స్ రంగంలో రెండేళ్ల అనుభవానికి నిజంగా విలువ ఉంది.

మీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించాను. అందులో తోటికోడలి కొడుకు జీతం, కారు, ఫ్లాట్ గురించి ఒక పేజీ ఉంది. మీ అబ్బాయి పని గురించి ‘ఏదో అకౌంట్ల పని’ అన్న మూడు ముక్కలే ఉన్నాయి. నాకు కష్టమనిపించింది. ఆ పని ఏమిటో నేను చెబుతాను వినండి. నెలనెలా జీఎస్‌టీ రిటర్న్ (పన్ను లెక్క) వేసే వ్యాపారికి 11వ తేదీలోగా గత నెల అమ్మకాల బిల్లులన్నీ జీఎస్‌టీఆర్-1 అనే ఫారంలో ఎక్కించాలి. 14న 2బి, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్ను చూపే పట్టిక, వస్తుంది. షాపువాడు సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో కనబడకపోతే, సరుకు అమ్మినవాడికి ఫోన్ చేసి బిల్లు ఎందుకు ఎక్కించలేదని గట్టిగా అడగాలి. లేకపోతే ఆ ఇన్‌పుట్ క్రెడిట్ అందదు, డబ్బు షాపువాడి జేబులోంచే పోతుంది. 20లోగా లెక్క తేల్చి 3బి, అంటే పన్ను కట్టే రిటర్న్, వేయాలి. బిల్లు దగ్గర మొదలుపెట్టి పన్ను కట్టేదాకా మొత్తం పని మీ అబ్బాయి చేతుల మీదుగా వెళుతోంది. పెద్ద నగరంలో పెద్ద కంపెనీలో కొత్తగా చేరినవాడికి ఇందులో ఒక్క ముక్కే ఇస్తారు: బిల్లులు ఎంట్రీ చేయడమో, పేమెంట్లు సరిచూడడమో. రేపు మీవాడు ఇంటర్వ్యూలో కూర్చుంటే 2బి తేడాలు తానే ఎలా సరిచేశాడో చెప్పగలడు. సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకొచ్చినవాడు చెప్పలేడు.

ఇప్పుడు ఆ కోర్సు సంగతి. డేటా ఎనలిటిక్స్ అంటే అంకెల రాశుల్లోంచి పనికొచ్చే విషయం తీయడం, చెడ్డ విద్య కాదు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటి కంప్యూటర్ పనిముట్లు వస్తే అకౌంట్స్‌లో ఉన్నవాడికి చాలా మేలు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. నా అనుమానమంతా ‘ముందు కోర్సు, తర్వాత ఉద్యోగం’ అని ఊరు వదిలి వెళ్లడం మీద. బ్రోషర్లో నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని ఉంటుంది. ఆ మాటకు ఉద్యోగం ఇప్పిస్తామని అర్థం కాదు, రెజ్యూమె నాలుగుచోట్లకు పంపుతామని మాత్రమే. అదే మూడు నెలల కోర్సు చేసి, అదే రెజ్యూమె నమూనా పట్టుకుని వందలాది మంది అవే ఉద్యోగాలకు వెళతారు. ఫ్రెషర్ అనగానే పక్కన పెడతారు. నాలుగైదు నెలలు గడిచి చేతిలో డబ్బు అయిపోయాక, హాస్టల్లోనే ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: కొంత కట్టు, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు కాగితాలు ఇప్పిస్తాం, లేదంటే దొడ్డిదారిన ఉద్యోగంలో పెట్టిస్తాం అని. తల్లి గాజులు తాకట్టులో ఉన్న కుర్రాడికి అప్పుడు వద్దనడం ఎంత కష్టమో ఆలోచించండి. కంపెనీలు యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే నంబరు) పట్టుకుని పీఎఫ్ చరిత్ర చూస్తాయి. పాత కంపెనీ అని రాసిన చోట పీఎఫ్ జమ కనబడకపోతే నిలదీస్తాయి. అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. ఈ దారిలో పడి బయటికి రాలేక నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

లెక్క కూడా ఒకసారి వేద్దాం. కోర్సుకు మూడు నెలలు, ఉద్యోగం వెతకడానికి ఆరు నెలలు అనుకోండి. షేరింగ్ రూము, భోజనంతో హాస్టల్‌కు నెలకు ఏడున్నర వేలు, ఫోను, మెట్రో, చిల్లర ఖర్చులకు నాలుగు వేలు. తొమ్మిది నెలలకు లక్షా మూడున్నర వేలు. ఫీజు 60 వేలు. ఇక్కడ వదులుకునే జీతం లక్షా 26 వేలు. మొత్తం దాదాపు రెండు లక్షల 90 వేలు, తాకట్టు వడ్డీ కాకుండానే. ఇంత పెట్టాక వచ్చే ఉద్యోగం ఏడాదికి మూడు లక్షల ప్యాకేజీ అయితే, అది నెలకు 25 వేలు కాదు. ఆ మూడు లక్షల్లోనే కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చూపిస్తారు. మీవాడి వాటా పీఎఫ్, వృత్తి పన్ను కూడా పోగా చేతికి 20, 21 వేలు వస్తుంది. హాస్టల్, ఖర్చులు పోతే మిగిలేది తొమ్మిది వేలు. ఇప్పుడు ఇంట్లో ఉండి అంతకన్నా ఎక్కువే మిగుల్చుకోగలడు. బెంగళూరు అయితే విడిగా ఇల్లు తీసుకోవాలంటే ఐదారు నెలల అద్దె ముందే అడ్వాన్సు కట్టమంటారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కొంత కోస్తారు. పోలిక ఇంతకన్నా సాగదీయను. మీవాడి విషయం అద్దె దగ్గర తేలేది కాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. నగరమంటే మీకు హైదరాబాద్ తప్ప ఇంకోటి కనబడలేదు. రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది 1936 దాకా. ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఒడిశాలో బతుకుతూ పిల్లాడికి ఒడియా రాయడం నేర్పించలేదంటే తప్పు పిల్లాడిది కాదు, పెద్దవాళ్లది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. బళ్లో చదవనివాళ్లు దానికి పెట్టే పరీక్ష రాసి పాసైనా చాలు. మాట్లాడడం వచ్చినవాడికి లిపి పట్టుబడడం ఎంతసేపు? హైదరాబాద్‌లో మీవాడు పైరాష్ట్రం అభ్యర్థి, అక్కడి ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ కోటా అతనికి వర్తించదు. ఒడిశాలో సొంత మనిషి. ఆ హక్కు వాడుకోకుండా వదిలేశారు. ఇప్పుడైనా ఒడియా వాచకం కొనివ్వండి. రాత్రి హిరాఖండ్ రైలు ఎక్కితే పొద్దున్నకు భువనేశ్వర్. అక్కడ కూడా అకౌంట్స్ ఉద్యోగాలు ఉన్నాయని మరిచిపోకండి.

అయితే ఊరు కదలొద్దని నేను అనడం లేదు. బీకాంలో 55 శాతం దాటాడు కాబట్టి ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) చదువులో రెండో మెట్టయిన ఇంటర్‌కు రిజిస్టర్ చేసుకోవచ్చు. సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) ఇంటర్‌కు డిగ్రీ చాలు. సీఏ కష్టమైన చదువు, అందరికీ పూర్తికాదు, ముందే చెబుతున్నాను. కానీ రెండేళ్ల ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ, వైజాగ్‌లో చేస్తే పండక్కీ పబ్బానికీ ఇంటికి రాగలడు, స్టైపెండ్ కొంత వస్తుంది. అది ఊరు మారడానికి సరైన కారణం. చేతికి ఆఫర్ లెటర్ వచ్చినా సరైన కారణమే, జీతం కాస్త తక్కువైనా పంపండి.

సంబంధాల విషయం. ఆ భయం చిన్నదని నేను అనను. ఈ రోజుల్లో ఆడపిల్ల తల్లిదండ్రులు ఉద్యోగం గురించి అడగడం న్యాయమే. కానీ అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? పెళ్లికి ఇంకా నాలుగైదేళ్ల టైముంది. ఎవరైనా అడిగితే ‘మా అబ్బాయి జీఎస్‌టీ చూస్తాడు, సీఎంఏ చదువుతున్నాడు’ అని తల పైకెత్తి చెప్పండి.

గాజులు ఇంట్లోనే ఉండనివ్వండి. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ రాత్రిపూట ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. వచ్చే ఆరు నెలల్లో తన ఆఫీసులో టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసే పన్ను) రిటర్నులు, బ్యాలెన్స్ షీట్ పని కూడా అడిగి చేయమనండి, జీతం పెంచమని కూడా అడగమనండి. తర్వాత హైదరాబాద్ కంపెనీలకు ఇక్కడి నుంచే అప్లై చేయవచ్చు, మొదటి రౌండ్లు చాలావరకు ఫోన్లో, వీడియోలోనే అయిపోతాయి. ఎవరైనా పిలిస్తే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: చేతికి ఎంత వస్తుంది, నైట్ షిఫ్టా కాదా, ఇన్నాళ్లు ఉద్యోగం మానకూడదనే బాండ్ ఉందా. ఆ జవాబులు వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఈసారి అబ్బాయినే రాయమనండి.