విండోస్ 10 తీసేసి ఆ జాగా ఉబుంటుకి ఇవ్వాలంటే ఎలా?

డ్యూయల్ బూట్ ల్యాప్‌టాప్‌లో (అంటే విండోస్, ఉబుంటు అనే లినక్స్ రెండూ ఉన్న దాంట్లో) విండోస్ 10 వాడట్లేదు, సీ డ్రైవ్ జాగా మొత్తం ఉబుంటులో కలిపేసుకోవచ్చా అని అడిగారు కదా. జాగా తీసుకోండి, కానీ కలపొద్దండి.

ఎవర్నడిగినా జీపార్టెడ్‌లో (డిస్క్‌లో భాగాల్ని, అంటే పార్టిషన్లని, మార్చే యాప్) సీ డిలీట్ చేసి ఉబుంటుని ఎడమవైపుకి పెంచెయ్యమంటారు. మామూలుగా సీ ఎడమ పక్కన, ఉబుంటు దాని కుడి పక్కన ఉంటాయి. ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 రకం పార్టిషన్‌ని కుడివైపుకి పెంచడం నిమిషాల పని, ఎడమవైపుకైతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఉబుంటుని నేరుగా నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి లోపలున్న డేటా అంతా ముందుకి జరపాలి, పాత హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది, మధ్యలో కరెంట్ పోయిందా అంతే సంగతులు.

ఒంగోల్లో మా బాబాయ్‌కి డీటీపీ షాపుంది. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ పని డెస్క్‌టాప్‌కి మారాక పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఒక్కటే వాడుతున్నాడు, అది నిండిపోయింది. "రిపేర్ షాపు అబ్బాయి రాత్రికి పెట్టి పడుకోమన్నాడురా, పొద్దున్నకి అయిపోద్దంట" అన్నాడు. మే నెల, రాత్రిళ్ళు కరెంట్ కోతలు, ఛార్జర్ పీకితే ఆరిపోయే బ్యాటరీ! వద్దు బాబాయ్, ముందు లోపల ఏముందో చూద్దాం అని సీ డ్రైవ్ తెరిచా. ఏళ్ళ తరబడి చేసిన శుభలేఖలు, కరపత్రాలు, బిల్ బుక్కులు అన్నీ అందులోనే ఉన్నాయి. లిబ్రెఆఫీస్ డ్రాలో పేజ్‌మేకర్ ఫైల్ ఒకటి తెరిస్తే అంతా ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి. సీలో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ ఫోల్డర్ ఉంటుంది, అందులోంచి తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్స్ కాపీ చేసి ఉబుంటులో వేసి మళ్ళీ తెరిచా. లైన్లు కొంచెం అటూ ఇటూ జరిగాయి గానీ గజిబిజి ఉన్న చోట "చి.ల.సౌ." అని కనపడేసరికి బాబాయ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఫాంట్స్ తియ్యకుండా ఫార్మాట్ కొట్టుంటే ఫైళ్ళు ఉండీ చదవడానికి పనికొచ్చేవి కాదు. యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) తెలుగు 1991 నుంచీ ఉంది, అయినా మన ప్రింటింగ్ వాళ్ళు ఇంకా ఆ పాత ఫాంట్స్‌లోనే టైప్ చేస్తున్నారు, లోపల ఉండేవి ఇంగ్లీష్ గుర్తులే కాబట్టి ఆ ఫైల్లో పేరు కూడా వెతుక్కోలేం, ఇది మారాల్సిందే.

ఇక పని విషయానికొస్తే, కావలసినవన్నీ బయటి డ్రైవ్‌లోకి తీసుకున్నాక ఉబుంటులోనే డిస్క్స్ యాప్ తెరిచి సీ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే రకం) పార్టిషన్ ఒక్కదాన్నే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, మౌంట్ ఆప్షన్స్‌లో హోమ్ లోపల ఒక ఫోల్డర్‌కి తగిలించండి. బూట్ అయినప్పుడల్లా అదే వస్తుంది. ఫోటోలు, వీడియోలు, డౌన్‌లోడ్లు అటు పడేస్తే ఉబుంటు వైపు ఖాళీ అవుతుంది, ఏదీ జరపక్కర్లేదు. ఫైల్ పెట్టనివ్వకపోతే ఆ ఫోల్డర్ రూట్ (అడ్మిన్) పేరు మీద ఉన్నట్టు, టెర్మినల్‌లో సుడో చౌన్ (sudo chown) కమాండ్‌తో మీ పేరు మీదకి మార్చుకోండి. సీ డ్రైవ్‌కి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవ్‌లు తగిలించాలో రాసుండే ఫైల్, /etc/fstab) ఇంతకుముందే లైన్ రాసుకుని ఉంటే తీసెయ్యండి, లేకపోతే బూట్ అయ్యేటప్పుడు ఇప్పుడు లేని ఆ పాత సీ డ్రైవ్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

100 ఎంబీయో 260 ఎంబీయో ఉండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్ళుండేది) జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది విండోస్‌దే అనుకుని తీసేసేవాళ్ళు చాలామంది, ఉబుంటుని బూట్ చేసే గ్రబ్ కూడా అందులోనే ఉంటుంది, అది పోతే ఉబుంటు బూట్ అవ్వదు. బూట్ మెనూలో విండోస్ పేరు ఇంకా కనపడుతుంటే ఈఎఫ్ఐ లోపలున్న మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒక్కటి తీసేసి టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కొట్టండి చాలు.

డబ్బులు పెట్టి కొన్న విండోస్ పోతుందని భయపడక్కర్లేదు. విండోస్ 8 నుంచి విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాపుల్లో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఎప్పుడైనా మళ్ళీ వేసుకోవచ్చు. అయినా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది, దాన్ని ఇంకా అట్టిపెట్టుకుని చేసేదేం లేదు.