గమ్ నమిలినా బీడీ ఎందుకు మానలేకపోయారు?

మీ ఆరోగ్య ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: కొండకు యాత్రికుల్ని తీసకపోయే జీపు నాది. 28 ఏళ్ళుగా బీడీ తాగతా ఉండాను, దినానికి ఒక కట్ట. కండ్లు తెరిచిన పది నిమిషాల్లో మొదటిది ముట్టించాల. వింత ఏందంటే కొండమీద రెండు దినాలున్నా మనసు అటు పోదు. అలిపిరి దిగితే చాలు, చెయ్యి జేబులోకి పోతుంది. బీడీ మానేదానికని నికోటిన్ గమ్ నమిలి చూస్తిని. ఎక్కిళ్ళు, ఎదలో మంట. నాలుగు దినాలకే పారేస్తిని. ఇంక నావల్ల కాదా సార్?
– ఒక డ్రైవరు, తిరుపతి

జవాబు: అవుతుంది. తేడా వచ్చింది నమిలిన తీరులో. ఆ గమ్‌ను బబుల్‌గమ్‌లా కసకసా నమిలితే నికోటిన్ ఒక్కసారిగా ఊరి, ఉమ్ముతో పాటు కడుపులోకి పోతుంది. ఎక్కిళ్ళు, మంట అందుకే. పైగా మింగిన నికోటిన్‌లో చాలా భాగాన్ని కాలేయం విరిచేస్తుంది కాబట్టి బీడీ మీద ఆశ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ మందు ఎక్కాల్సింది నోటి లోపలి చర్మం గుండా.

నెమ్మదిగా నమలండి. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపి, గమ్‌ను చెంపకూ చిగురుకూ మధ్య నొక్కి పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఆ చురుకు పోతుంది. మళ్ళీ నాలుగైదు సార్లు నమిలి, ఈసారి రెండో చెంపలో పెట్టండి. ఇలా అరగంట. గమ్ పెట్టుకోడానికి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింకు తాగకండి. నోరు పులిసి ఉంటే నికోటిన్ లోపలికి ఎక్కదు. కాఫీ తాగిన వెంటనే గమ్ వేసుకుని ‘పనిచేయలేదు’ అనేవాళ్ళు చాలామంది.

మీకు 2 మిల్లీగ్రాముల గమ్ చాలదు. లేచిన అరగంటలోపే పొగ కావాల్సినవాళ్ళకు 4 మిల్లీగ్రాములది కావాలి, అది డాక్టరు చీటీ మీద తీసుకోండి. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున, రోజుకు 9కి తగ్గకుండా, 24కు మించకుండా వాడాలి. తర్వాతి 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, చివరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు మూడు నమిలి ఊరుకోవడం కూడా మానలేకపోవడానికి పెద్ద కారణమే. గమ్‌తో పాటు ఒంటికి అంటించే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్ వాడితే ఇంకా మంచి ఫలితం ఉంటుంది. ఈమధ్య గుండెపోటు వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇక కొండ సంగతి. అక్కడ పొగాకు నిషేధం, అందరికీ తెలిసిందే. తాగే వీలే లేదని మనసుకు తెలిసినచోట ఆశ అణిగి ఉంటుంది. అలిపిరి, టీ బంకు, డ్రైవర్ల గుంపు కళ్ళబడగానే లేస్తుంది. దీన్నే మీకు అనుకూలంగా తిప్పుకోండి. మానినవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైనవి మొదటి మూడు రోజులు. రెండు రోజులు కొండమీదే ఉండే ట్రిప్పు చూసుకుని, అదే మానే తేదీగా పెట్టుకోండి. కిందికి బయల్దేరేముందే గమ్ చెంపలో ఉండాలి. ఆశ పుట్టిన ప్రతిసారీ అది ఐదు నిమిషాలకు మించి నిలవదు. ఆ ఐదు నిమిషాలకు ఏదో ఒక పని ముందే అనుకోండి: టైర్ల గాలి చూడటమో, అద్దం తుడవడమో.

మరో మాట. మానిన వారంలో గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటే కాఫీని అనుమానించండి. పొగ తాగేవారి ఒంట్లో కెఫీన్ తొందరగా విరిగిపోతుంది, మానాక నిలిచిపోతుంది. రోజుకు ఆరు కప్పులు తాగేవాళ్ళు మూడుకు దిగండి. ఉబ్బసానికి థియోఫిలిన్ మాత్రలు వాడేవారికీ ఇదే లెక్క, వాళ్ళు డోసు గురించి డాక్టరును అడగాలి. మాట్లాడే మనిషి కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం.

ప్రశ్న: మా నాయనకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది, సిగరెట్ మానలేదు. న్యుమోనియా టీకా, ఫ్లూ టీకా వేయించమన్నారు. రెండూ ఒకేరోజు వేయించవచ్చా? సిగరెట్ మానినాకే వేయించాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మానేదాకా ఆగొద్దు. వయసు, షుగర్, సిగరెట్: న్యుమోకాకస్ (న్యుమోనియా) టీకా వేయించడానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా చాలు. రెండు టీకాలూ ఒకేరోజు చెరో భుజానికి వేయించవచ్చు. న్యుమోనియా టీకాల్లో రకాలున్నాయి. 13 రకాల క్రిములకు పనిచేసేది వేస్తే ఏడాది తర్వాత 23 రకాలది వేయించాలి. 20 రకాలది దొరికితే ఒక్క డోసుతో సరి. ఏది వేశారో పేరు, తేదీ రాయించుకోండి. ఆ చీటీ పోగొట్టుకుంటే ఏడాది తర్వాత ఏది వేయాలో ఎవరికీ తెలియదు, ఖరీదు తక్కువ కాదు. ఫ్లూ టీకా ఏటా కావాలి, ఎందుకంటే వైరస్ మారుతుంటుంది, టీకానూ మారుస్తుంటారు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, వానలు మొదలవకముందే వేయించండి.

టీకాను మందుల షాపులో కొని క్లినిక్కుకు మీరే తీసుకెళ్ళాల్సి వస్తే జాగ్రత్త. ఉండాల్సిన చల్లదనం 2 నుంచి 8 డిగ్రీలు. ఎండకు భయపడి సీసాను ఐసు గడ్డల్లో పూడ్చేస్తారు. ఈ టీకాలు గడ్డకడితే పాడైపోతాయి, కరిగాక చూపుకు తేడా తెలియకపోవచ్చు. ఐసు ప్యాకుకూ టీకా పెట్టెకూ మధ్య మందపాటి తువాలు ఉండాలి. క్లినిక్కులోనే ఫ్రిజ్ ఉండి వాళ్ళే తెప్పిస్తే ఈ బాధే లేదు.

ప్రశ్న: పశువుల కొట్టంలో జారిపడి మోచేతి దగ్గర ఎముక చిట్లింది, చర్మం కూడా తెగింది. పుత్తూరు కట్టు కట్టించుకున్నా. టీటీ కావాలా?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: కావాలి, ఇవాళే. పేడ తగిలిన గాయం ధనుర్వాతానికి అనువైన చోటు. కట్టు మంచిచెడ్డలు అలా ఉంచండి, తెగిన చర్మాన్ని కడగకుండా బిగించి కట్టడం ప్రమాదం. ఆసుపత్రిలో విప్పించి, గాయం ఎముక దాకా పోయిందేమో చూపించుకోండి. ఇప్పుడు టీటీ బదులు డిఫ్తీరియాకూ పనిచేసే టీడీ వేస్తున్నారు. ఇలాంటి మురికి గాయానికి చివరి డోసు పడి 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించాలి, శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్ళు. పుట్టినప్పటి నుంచి మూడు డోసులు పడ్డాయన్న నమ్మకం లేకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. టీడీతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (ధనుర్వాతాన్ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల) ఇంజెక్షను కూడా వేయాల్సి ఉంటుంది.

ప్రశ్న: సిగరెట్ మానేసి మూడు వారాలైంది. దగ్గు తగ్గకపోగా ఎక్కువైంది. మళ్ళీ మొదలుపెడితే తగ్గుతుందంటున్నారు స్నేహితులు!
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: స్నేహితుల వైద్యం వద్దు. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు ఉంటుంది. పొగ దాన్ని పడుకోబెట్టింది, ఇప్పుడు లేచి ఊడుస్తోంది. ఈ దగ్గు కొన్ని వారాలు ఉంటుంది. నీళ్ళు బాగా తాగండి. కఫంలో రక్తం కనబడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా ఆగకుండా ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ల్యాబ్‌లో పని. హెపటైటిస్-బి రెండు డోసులయ్యాక మూడోది ఏడాదిన్నర మరిచిపోయాను. మొదటి నుంచి వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కర్లేదు, మూడోది ఇప్పుడు వేయించుకోండి. పిరుదుకు కాదు, భుజానికే. పిరుదు కొవ్వులో పడితే టీకా సరిగా పట్టదు. రక్తంతో పనిచేసేవారు కాబట్టి ఆ డోసు తర్వాత నెల నుంచి రెండు నెలల లోపు, టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించుకోండి, 10 mIU/mL లేదా అంతకు పైన ఉండాలి.