మండలంలో మంచి స్కూల్ లైబ్రరీకి బహుమతి ఇవ్వాలంటే ఏం చూడాలి?

అమలాపురం దగ్గర హైస్కూల్ పూర్వ విద్యార్థులంతా కలిసి, మండలంలో బాగా నడిచే స్కూల్ లైబ్రరీకి ఏటా పదివేల రూపాయల బహుమతి ఇద్దామనుకుంటున్నాం, మార్కులు ఎలా వేయాలి అని అడిగారు కదండీ. నేను కోనసీమలోనే జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతూ లైబ్రరీ కూడా చాలా ఏళ్లు చూశాను, ఇలాంటి పోటీలకి జడ్జీగానూ వెళ్లాను. మీరు రాసిన లిస్టులో పుస్తకాల సంఖ్య, గది సైజు, ఫర్నిచర్, కంప్యూటర్, వీటికే సగం మార్కులు పోయాయి. అవి చూస్తే ఏ స్కూల్‌కి దాత దొరికాడో తెలుస్తుంది, అంతే.

పుస్తకాల లెక్క యూడైస్‌లో (స్కూళ్ల వివరాలు నింపే ప్రభుత్వ ఫారం) ఎలాగూ ప్రతి స్కూలూ ఏటా నింపుతుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ప్రతి స్కూల్లో లైబ్రరీ ఉండాలని, అందులో పేపర్లు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టులవీ ఉండాలని రాసి ఉంది. కాబట్టి ఉన్నందుకు బహుమతి ఎందుకు? ఉన్నవి పిల్లల చేతికి వస్తున్నాయా లేదా అన్నది చూడండి.

వెళ్లగానే ఇష్యూ రిజిస్టర్ అడగండి. ఒకచోట నాకు చూపించిన రిజిస్టర్‌లో ఏడాదంతా ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత, తీసుకున్న ప్రతి పుస్తకమూ సరిగ్గా వారానికి తిరిగొచ్చేసింది, మధ్యలో పండగ సెలవులు వచ్చినా సరే! నిజంగా వాడే రిజిస్టర్ అంత ముద్దుగా ఉండదు. పిల్లల సంతకాలు గడి దాటి పక్క గళ్లోకి పోతాయి, సంక్రాంతి సెలవులకి తీసుకెళ్లిన పుస్తకం ఫిబ్రవరిలో వస్తుంది, రిమార్క్స్‌లో ‘తడిసింది’, ‘చెల్లెలు చింపింది’ లాంటివి ఉంటాయి. ఇంకోటి, మొత్తం ఎన్ని ఇచ్చారన్న లెక్క నమ్మకండి, ఎందుకంటే క్లాసుకి నలుగురు పుస్తకాల పురుగులుంటే చాలు, ఆ అంకె ఘనంగా కనిపిస్తుంది. ఏదో ఒక ఆరో తరగతి సెక్షన్ హాజరు పట్టీ తీసుకుని, ఈ ఏడాది ఒక్క పుస్తకం కూడా తీసుకోని పిల్లలు ఎంతమందో రిజిస్టర్‌తో పోల్చి చూడండి. అరగంట పని, కానీ నా మార్కుల్లో సగం దీనికే.

తరవాత బీరువా. నలిగిన పుస్తకాలు ఎన్ని, వాటిని ఎవరు బాగుచేస్తున్నారు? మన తడి గాలికి పుస్తకం తొందరగా పాడవుతుంది, మైదా జిగురుతో అట్ట అంటిస్తే పురుగు పట్టేస్తుంది, అందుకే తెలిసినవాళ్లు జిగురులో కాస్త మైలుతుత్తం కలుపుతారు (చేతులు కడుక్కోవాలి, పిల్లలతో కలిపించకూడదు). కలరా ఉండల వాసన గుప్పున కొట్టి, పుస్తకం తెరిస్తే పేజీలు కొత్తగా కరకరలాడుతున్నాయంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. వరదల కాలంలో కింది అర ఖాళీ చేస్తారా అని కూడా అడగండి. పనికిరాని పాత పుస్తకాలు ఏరేసే పని చేస్తున్నారా అన్నదీ ముఖ్యమే, 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రం లెక్కలున్న జీకే పుస్తకాలు ఇంకా బీరువా నిండా ఉంటే అక్కడ పుస్తకాల సంఖ్యకి అర్థం లేదు.

బీరువాకి తాళం ఎందుకు వేస్తారో నాకు తెలుసు, పుస్తకం పోతే దాని ఖరీదు తన జేబులోంచి కట్టాల్సొస్తుందని ఇన్‌చార్జి మేష్టారికి టెన్షన్. కేంద్ర ప్రభుత్వ లైబ్రరీల కోసం 2017 ఆర్థిక నియమావళి 215వ రూల్లో ఏమన్నారో చూడండి, ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి 1000 పుస్తకాలకి 5 పోవడం మామూలే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. 1000 రూపాయలు దాటినవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పదు. మన జిల్లా పరిషత్ స్కూళ్లకి అది నేరుగా వర్తించే రూల్ కాదు గానీ మీ మార్కులకి అదే కొలత పెట్టుకోండి, పోయిన పుస్తకాలకి మార్కులు తీసెయ్యకండి. ఏళ్ల తరబడి ఒక్కటీ పోలేదంటే నాకైతే అనుమానమే.

టైమింగ్స్ సంగతి చాలామంది అడగరు. సాయంత్రం బెల్లు కొట్టాక తెరిచే లైబ్రరీ గోదావరి లంకల నుంచి వచ్చే పిల్లలకి దండగ, వాళ్లు పడవ టైముకి రేవు దగ్గర ఉండాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక తెరిచేవాళ్లకి ఎక్కువ మార్కులు వేయండి. టైంటేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉంటుంది, జనవరి వచ్చేసరికి అది లెక్కల సారు చేతిలోకి పోతుంది, పదో తరగతి వాళ్లదైతే సరే అనుకుందాం, ఏడో తరగతి వాళ్లది కూడా పోతే మాత్రం అడగాలి.

పిల్లల్ని ‘నీకిష్టమైన పుస్తకం ఏది’ అని అడగకండి, దానికి జవాబు ముందే నేర్పేస్తారు. ‘నచ్చక మధ్యలో వదిలేసింది ఏది, ఎందుకు’ అని అడగండి. చదివిన పిల్ల గడగడా చెప్పేస్తుంది, చదవని పిల్ల టీచర్ వైపు చూస్తుంది. ధారాళంగా చదవలేని ఆరో తరగతి వాళ్లకి సరిపడా పల్చటి బొమ్మల పుస్తకాలు ఉన్నాయో లేదో చూడండి, చాలాచోట్ల కొనేవన్నీ పెద్దవాళ్లు మెచ్చే లావుపాటి పుస్తకాలే.

ఇక బహుమతి. షీల్డు వద్దు, అది హెచ్‌ఎం గారి గదిలో గ్లాసు బీరువాలోకి పోతుంది. సర్కారు బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో లైబ్రరీ గ్రాంటు స్కూల్ స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకానే, కాబట్టి మీరు ఇచ్చే పదివేలు చిన్న సొమ్మేం కాదు. పుస్తకాల రూపంలో ఇవ్వండి, రాజమండ్రి తీసుకెళ్లి పిల్లలనే ఏరుకోనివ్వండి. డబ్బు తక్కువైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింట్ తీసుకోవచ్చు.

చూడ్డానికి మాత్రం నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వెళ్లకండి. అప్పుడు ప్రతి స్కూల్లోనూ అయ్యంకి వెంకటరమణయ్య గారి ఫోటోకి దండ ఉంటుంది, పుస్తకాలన్నీ బల్లల మీద పరిచి ఉంటాయి. ఆయన పుట్టింది మన కొంకుదురులోనే, గ్రంథాలయ ఉద్యమానికి జీవితమంతా ఇచ్చిన మనిషి, కానీ ఆ వారం చూసింది నమ్మితే అందరికీ ఫస్ట్ ప్రైజే ఇవ్వాల్సి వస్తుంది. జనవరి చివర్లో చెప్పకుండా వెళ్లండి. తాళం హెచ్‌ఎం గారి దగ్గరుంది, ఆయన మీటింగ్‌కి వెళ్లారు అన్నారంటే ఇంక రిజిస్టర్ కూడా అడగక్కర్లేదు, పక్క స్కూల్‌కి వెళ్లిపోండి. మార్కుల కాగితం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.