ఫీజు రీయింబర్స్‌మెంట్ రానివారికి ఉన్న దారులు

ప్రశ్న: నేను ప్రైవేటు సంస్థలో చిరుద్యోగిని. ఏడాదికి దాదాపు 4 లక్షల రూపాయల ఆదాయం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పూర్తి చేసి, నెల్లూరులో ఇంజనీరింగ్‌లో చేరుతోంది. ఆదాయం 2.5 లక్షలు దాటినందున ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. మాలాంటి మధ్యతరగతి వారికి వేరే స్కాలర్‌షిప్పులు ఉండవా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: తప్పకుండా ఉన్నాయి. 2.5 లక్షల పరిమితిని చూసి చాలామంది తల్లిదండ్రులు అక్కడితోనే ఆశ వదులుకోవడం మాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఒక్కో పథకానికి ఒక్కో ఆదాయ పరిమితి ఉంటుంది.

మీ అమ్మాయికి అన్నిటికంటే ముందు చూడవలసింది ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వారి ప్రగతి స్కాలర్‌షిప్. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలలో మొదటి సంవత్సరంలో చేరిన బాలికలకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ప్రతిభను బట్టి ఎంపిక చేసి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులే. రెండోది కేంద్ర విద్యాశాఖ వారి సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ పథకం. ఆదాయం 4.5 లక్షలు మించకుండా, ఇంటర్‌లో 80 పర్సెంటైల్ పైన, అంటే తమ బోర్డులో పాసైనవారిలో 80 శాతం మంది కంటే ముందు ఉన్నవారికి (80 శాతం మార్కులు చాలునని పొరబడవద్దు) మొదటి మూడేళ్లు ఏటా 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000 రూపాయలు అందుతాయి. ఇందులో సగం స్కాలర్‌షిప్పులు బాలికలకే. అయితే ఈ రెంటిలో ఒక్కటే పొందే వీలుంది కనుక, మొత్తం ఎక్కువైన ప్రగతి వైపే మొగ్గడం మంచిదని మా అభిప్రాయం.

ఈ రెంటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. రుసుము ఏమీ లేదు. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రానికి ఇప్పుడే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం మన పిల్లల విషయంలో తరచూ కనిపించేదే; ఈ తేడా వల్ల పరిశీలనలో చిక్కులు వస్తాయి కాబట్టి ముందుగానే సరిచేయించండి. డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది గనుక, అమ్మాయి పేరుతో ఖాతా తెరిచి, ఆధార్ సీడింగ్ (ఆ అనుసంధానం) జరిగిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు రంగంలో రిలయన్స్ ఫౌండేషన్ 15 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు, ఆన్‌లైన్ పరీక్ష ద్వారా, కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తోంది.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపగానే పని పూర్తయినట్టు కాదు. గడువులోగా కళాశాల దానిని పరిశీలించి ఆమోదించకపోతే అది అక్కడే ఆగిపోతుంది. అందువల్ల దరఖాస్తు ప్రతిని, ధ్రువపత్రాలను కళాశాలలో స్కాలర్‌షిప్పులు చూసే అధికారికి స్వయంగా అందజేసి, పోర్టల్‌లో ఆమోదం కనిపించేవరకు అమ్మాయిని వారం వారం చూసుకోమనండి. మరుసటి ఏడాది రెన్యువల్‌కూ మళ్లీ దరఖాస్తు చేయాలి.